మా అన్నయ్య కొట్టని దెబ్బలు

ఏమిటీ, మళ్ళీ చెప్పు? ఆదివారం మందిరంలో నువ్వు నిలబడి మీ తాత సాక్ష్యం చెప్పాలా? ఎవరన్నారు, ఆ కొత్త పాస్టర్ గారేనా? ఏ సాక్ష్యంరా? రైలు పట్టాలదా! కూర్చో. ఆ కుర్చీ మీద గుడ్డలు పక్కకి తోసి కూర్చోమంటున్నాను. మనిషి పోయి ఇన్నేళ్ళయింది, ఆ రైలు మాత్రం ఇంకా మన సంఘంలోంచి పోలేదన్నమాట. నువ్వు మాట్లాడకు. నేను చెప్పేది విను, ఆ తర్వాత నీ ఇష్టం. వినకుండా ఆదివారం లేచి ఆ కథ మొదలెట్టావో, నేనూ లేస్తాను, ఈ మోకాళ్ళతోనే లేస్తాను. లేచి అంతమందిలో నిన్ను కూర్చోబెడతాను. మీ తాతనైతే కూర్చోబెట్టలేకపోయాను, నువ్వెంత?

మీ తాత, అంటే మా అన్నయ్య, కుట్టుమిషన్లు బాగుచేసేవాడని నీకు తెలుసుగా. ఈ ముందుగదే వాడి షాపు. ఇదిగో, ఇక్కడ బల్ల, బల్ల మీద ఎప్పుడూ రెండు మూడు మిషన్లు కడుపులు తెరుచుకుని పడుండేవి. గదంతా నూనె వాసన. మంచి పనివాడు, కాదనను. చిన్నప్పుడూ మంచి పిల్లాడే. అదీ అసలు గొడవ. అమ్మ చంకనెక్కి మందిరానికి వెళ్ళినవాడు, చంక దిగాక అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళాడు, చెయ్యి వదిలాక తనంతట తనే వెళ్ళాడు. ఒక తాగుడు లేదు, ఒక పేకముక్క లేదు. వాడు చేసిన పెద్ద అల్లరి ఏమిటంటే పక్కింటి గోడ మీద బొగ్గుతో ఇంజను బొమ్మ వెయ్యడం. అలాంటివాడికి కుర్రతనంలో యువకుల కూటంలో, ప్రభువు తనని ఎలా మార్చాడో సాక్ష్యం చెప్పే వంతు వచ్చింది. వాడి ముందు ఒకడు లేచి నేను దొంగనండీ, ప్రభువు నన్ను పట్టుకున్నాడండీ అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఇంకొకడు నేను పచ్చి తాగుబోతునండీ అన్నాడు. మళ్ళీ స్తోత్రం, ఈసారి ఇంకా గట్టిగా. ఇక మావాడి వంతు. ఏం చెప్తాడు? నేను బొగ్గుతో బొమ్మ వేశానండీ అంటాడా? నేనూ తాగేవాణ్ణండీ అనేశాడు. స్తోత్రం అని గది దద్దరిల్లింది. ఆ శబ్దం ఉంది చూడు, అది వాడి ఒంటికి పట్టింది. ఇదంతా వాడే నాతో చెప్పాడులే తర్వాత, నేను కల్పించి చెప్పట్లేదు. మా ఇంట్లో కల్పించే పని ఒకడే చేశాడు.

ఇక చూస్కో, గోరంతది కొండంతయింది. ఒక సంఘంలో పేకాట కలిసింది. ఇంకో సంఘంలో అప్పులు కలిశాయి. పెళ్ళయ్యాక పెళ్ళాన్ని కొట్టడం కలిసింది. చివరికి ఓ రాత్రి చచ్చిపోదామని రైలు పట్టాల మీద పడుకున్నాడట. దూరంగా మందిరంలోంచి పాట వినిపించిందట, లేచాడట, రైలు వీపు రాసుకుంటూ పోయిందట. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు కిందకి దించి, సన్నగా వణికించేవాడు. ఆడవాళ్ళు ముక్కులు చీదేవాళ్ళు. మగాళ్ళు పైకప్పు వంక చూసేవాళ్ళు. ఎక్కడెక్కడి సంఘాలవాళ్ళో వచ్చి పిలుచుకుపోయేవారు. మీ నాన్నమ్మ, మా వదిన, అలాంటి ప్రతి కూటంలోనూ ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చునేది. "ఆ రోజుల్లో నేను కొట్టిన దెబ్బలకి సాక్షి అదిగో, అక్కడ కూర్చుంది" అనేవాడు. అందరూ తలలు తిప్పి ఆవిడ మొహంలో మచ్చలు వెతికేవాళ్ళు. కూటమయ్యాక ఆడవాళ్ళంతా చుట్టూ మూగి, ఎంత ఓర్చుకున్నావమ్మా అని బుగ్గలు నిమిరేవాళ్ళు. ఆవిడ నోట్లో నాలుక లేనట్టు నిలబడేది. ఔననలేదు, కాదనలేదు. మొగుడి పరువు, సంఘం పరువు, ఇంకా ఎవరెవరి పరువో, అన్నీ ఆవిడ నోటికి కట్టిన గుడ్డలే.

నేనెలా నమ్మానంటావా? ఆఁ, అడుగు, అందరూ అడుగుతారు. వాడి పెళ్ళయిన కొత్తలో నేను వేరే ఊళ్ళో కాపురం చేస్తున్నాను. మా ఆయనకి ఇక్కడ లేత్ షాపులో పని దొరికాక వచ్చాం. వచ్చేసరికే వాడి సాక్ష్యం ఊరంతా తెలుసు. సొంత అన్న, దేవుడి ఎదుట నిలబడి చెప్తున్నాడు, పక్కన పెళ్ళాం కాదనట్లేదు, నేనెవర్ని కాదనడానికి? పైగా నాకు ఆ కథ కావాల్సి వచ్చింది. మా ఆయన, అదే మీ చిన్న తాత, సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. తాగకపోతే వెన్నలాంటి మనిషి. తాగని రోజు అనేది మాత్రం ఉండేది కాదు. మొదటిసారి పెదవి చిట్లి వచ్చినప్పుడు అన్నయ్య నన్ను ఇదే గదిలో కూర్చోబెట్టి, నూనె చేతులు తుడుచుకుంటూ, "ఓర్చుకో చెల్లీ, నేను మారలేదా?" అన్నాడు. రెండోసారి వచ్చాను. "నేను మారలేదా?" చెవి వెనక వాచి వచ్చాను. "నేను మారలేదా?" అంటే నాకు ఆ మాటే మందయింది రా. దెబ్బ పడ్డప్పుడల్లా, పర్లేదు, అన్నయ్య ఇంతకన్నా పెద్ద రాక్షసుడు, వాడే మారాడు, ఈయన మారడా అనుకునేదాన్ని. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారే, అలాగన్నమాట. వాడికి స్తోత్రాలు, నాకు దెబ్బలు.

ఎక్కడున్నానూ? ఆఁ, చెయ్యి. ఇదిగో చూడు ఈ మణికట్టు, ఇంతకన్నా తిరగదు. ఆ రోజు మా ఆయన తలుపుకీ ద్వారబంధానికీ మధ్య పెట్టి నొక్కాడు. కట్టు కట్టించుకుని తిన్నగా ఈ ఇంటికే వచ్చాను. వెనకే ఆయనా వచ్చాడు ఏడుస్తూ. పాస్టర్ గారికి కబురెళ్ళింది, అప్పటి పాస్టర్ గారు, పెద్దాయన. అందరూ ఇక్కడే కూర్చున్నారు. మా ఆయన ఆ మూల పీట మీద కూర్చుని, తప్పయిపోయిందండీ, తప్పయిపోయిందండీ అని ముక్కు తుడుచుకుంటున్నాడు. పాస్టర్ గారు, "అమ్మా, పశ్చాత్తాపపడుతున్నాడు కదా, ఇంటికి వెళ్ళు, క్షమించినవాళ్ళకే క్షమాపణ" అంటున్నారు. ఇంతలో మీ తాత గొంతు సవరించుకున్నాడు. నాకు తెలిసిపోయింది. గొంతు కిందకి దిగింది, వణుకు వచ్చింది. "బావా, నేనూ ఒకప్పుడు నీలాంటివాణ్ణే..." అని మొదలుపెట్టాడు.

అప్పుడే మీ నాన్నమ్మ కాఫీలు తెస్తోంది. పళ్ళెం తెచ్చి, మిషన్ల మధ్య చోటు లేకపోతే కింద నేల మీదే పెట్టింది. పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఎప్పుడండీ?" అంది. అంత మెల్లగా అంది. వాడికి అర్థంకాలేదు. "ఎప్పుడు కొట్టారండీ నన్ను? ఏ చేత్తో కొట్టారు? ఆ పిల్ల చెయ్యి విరిగి కూర్చుంటే ఇప్పుడు కూడా అదే కథా? నన్ను ఎన్నాళ్ళు కొడతారండీ మీరు, అందరిళ్ళల్లోనూ, అందరి ముందూ?" అంది. పాస్టర్ గారు, అమ్మా ఆవేశపడకు అన్నారు. ఆవిడ ఆయన వంక చూడను కూడా చూడలేదు. మీ తాత మొహం చూడాలి! నూనె డబ్బా బోర్లా పడి నూనె పోతుంటే చూస్తూ కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఇంకొకటి చెప్పనా, నేను చచ్చినా మర్చిపోనిది? మా ఆయన ఏడుపు టక్కున ఆగింది. తలెత్తి, "అయితే నువ్వు కొట్టలేదా బావా?" అన్నాడు. అని, చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం తిట్టానో నాకే తెలీదు. పాస్టర్ గారి కాఫీ తన్నేసిన మాట నిజం. కావాలని కాదు. సరే, కావాలనే.

ఆ రోజు నుంచి నేనిక ఆ ఇంటికి పోలేదు. ఇక్కడే ఉండిపోయాను. మీ తాత వారమంతా వెనక గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. మిషన్లు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ పోయేవాళ్ళు. నేను ఊరుకుంటానా? తలుపు తోసుకుని వెళ్ళాను. "దేవుడితో తర్వాత మాట్లాడుదువుగాని, ముందు నాతో మాట్లాడు" అన్నాను. నేల మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. ఏమన్నాడో తెలుసా? "మాట్లాడట్లేదే చెల్లీ, వెతుకుతున్నాను. నన్ను నేను పరీక్షించుకుందామని కూర్చుంటాను. కూర్చోగానే, అబ్బ, ఎంత ఘోర పాపినో నేను అని లోపల ఒకడు లేచి ప్రసంగం మొదలెడతాడు. వాడూ సాక్ష్యమే చెప్తున్నాడు. వాణ్ణి కూర్చోబెట్టి, వాడి వెనక ఎవడున్నాడో చూద్దామంటే కుదరట్లేదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా చెయ్యి విరిగితే నీకు నీ లోపలి ప్రసంగం గొడవేంట్రా అన్నాను. రా అనే అన్నాను, అన్నని. తల వంచుకుని విన్నాడు. విని, "నేను పాపినని చెప్పుకోవడం నాకిష్టమే. పట్టుబడ్డం ఇష్టం లేదు. అంతే, ఇంతకన్నా గొప్పదేమీ దొరకలేదు" అన్నాడు. అప్పుడు గొంతులో వణుకు లేదు. అది గమనించాను. గమనించినంత మాత్రాన కోపం పోయిందనుకోకు.

ఆ ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె పంచే ముందు పాస్టర్ గారు ఎప్పుడూ ఎవరిని వారు పరీక్షించుకోండి అంటారుగా, అందరూ కళ్ళు మూసుకుని మధ్యాహ్నం వంట గురించి ఆలోచిస్తారు. ఆ నిశ్శబ్దంలో మీ తాత లేచాడు. "నేను తాగలేదండీ. పేకాడలేదండీ. రైలు పట్టాల మీద పడుకోలేదు, ప్లాట్‌ఫారం బెంచీ మీద ఓసారి పడుకున్నాను, బండి లేటయి. నా భార్యని ఎప్పుడూ కొట్టలేదు. కొట్టానని చెప్పి మీ అందరి చూపులతో కొట్టించాను. నా చెల్లెలు నా మాట నమ్మి దెబ్బలు తింది. నాకు మీ స్తోత్రం కావాల్సి వచ్చిందండీ, అందుకని చెప్పాను" అన్నాడు. బల్ల మీద సామాను జాబితా చదివినట్టు చెప్పాడు. కూర్చున్నాడు. రొట్టె పళ్ళెం వస్తే, ముట్టకుండా పక్కవాడికి అందించాడు. అప్పుడు వెనకనుంచి ఎవడో, ఎవడైతేనేంలే, స్తోత్రం అన్నాడు! అలవాటు! ఒకడంటే అందరూ అందుకున్నారు. పాస్టర్ గారు కళ్ళు తుడుచుకుని, ఎంత వినయం, ఎంత తగ్గింపు అన్నారు. సగంమంది అసలు నమ్మనే లేదు. నిప్పు లేనిదే పొగ రాదు, కొట్టే ఉంటాడు, ఇప్పుడు పెద్దమనిషయ్యాడు కాబట్టి లేదంటున్నాడు అన్నారు. నమ్మినవాళ్ళు, అబద్ధమైతేనేం, ఆ కథ ఎంత బాగుండేది, ఇప్పుడు పిల్లలకేం చెప్తాం అన్నారు. అదే కదా, నీకు చెప్పమంటున్నదీ అదే కదా!

అక్కడితో అయిందా? కాలేదు. పక్క సంఘంవాళ్ళు వచ్చారు. అయ్యా, మీరు అబద్ధ సాక్ష్యం ఒప్పుకున్నారట, ఆ అనుభవం మా దగ్గర పంచుకోండి అన్నారు. వెళ్ళాడు, పిచ్చి మాలోకం. నేనూ వదినా కూడా వెళ్ళాం, ఏం చెప్తాడో చూద్దామని. బాగానే మొదలెట్టాడు. కాసేపయ్యాక, వెనక గదిలో తలుపేసుకున్న సంగతి దగ్గరికి వచ్చాడు. గొంతు కిందకి దిగింది. వదిన నా మోచెయ్యి పట్టుకుంది. వణుకు వచ్చేసింది. జనం ముక్కులు చీదడం మొదలెట్టారు. టక్కున ఆగిపోయాడు. ఇలా చుట్టూ చూసి, "క్షమించండి, మళ్ళీ మొదలైంది" అన్నాడు. అనేసి వేదిక దిగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మేం ఇద్దరం వెనకాల పరిగెత్తాల్సి వచ్చింది. దారంతా వదిన నవ్వుతూనే ఉంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది. నేను నవ్వలేదు. మర్నాడు అడిగారు, ఆ మర్నాడు అడిగారు, ఇంకెక్కడా నోరు విప్పలేదు మీ తాత. బతికున్నంత కాలం మందిరంలో ఆమెన్ తప్ప వేరే మాట లేదు.

మరి బయట ఏం చేశాడంటావు. అది విను, ఆదివారం చెప్పాల్సింది అది. లేత్ షాపుకి వెళ్ళి, పనివాళ్ళందరి మధ్యా మా ఆయనతో, "బావా, నేను మారానని నీకు చెప్పాను. నేను మారడానికి నాలో అది లేనే లేదు. కాబట్టి నువ్వు మారతావో లేదో నాకు తెలీదు. తెలీనప్పుడు నా చెల్లెల్ని పంపను" అన్నాడు. పాస్టర్ గారికి అది తెలిసి, కాపురం కూలుస్తున్నాడని మీ తాతని సంఘ పెద్దల్లోంచి తీసేశారు. నా గురించి కదా, నన్నొక్క మాట అడగలేదు ఎవరూ. తీసేస్తే తీసేశారు. వాడు ఈ ముందుగదిలో సగం ఖాళీ చేసి నా మిషను వేశాడు. ఈ వంకర చెయ్యితో గుడ్డ తిప్పలేకపోతున్నానని మిషను పీట వాలు మార్చి, ఎడం చేత్తో తిప్పేలా బిగించాడు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ కూడా తిరిగాడు. తన మాట విని ఇంకెవరైనా ఓర్చుకుంటున్నారేమోనని. కొందరు తలుపు మొహం మీద వేశారు. రొట్టెల షాపావిడైతే చేతులు పట్టుకుని, అయ్యా, మీ కథ విని మా ఆయన తాగుడు మానేశాడు, ఆయనకి మాత్రం చెప్పకండి అని బతిమాలింది. ఆలోచించాడు, ఆలోచించి వెళ్ళి చెప్పనే చెప్పాడు. ఆ మనిషి పకపకా నవ్వి, నీ కథ ఎవడు విన్నాడయ్యా, డాక్టరు నా కాలేయం చూపించి తిట్టాడు, అందుకు మానేశాను అన్నాడట. వచ్చి మాకు చెప్తూ వాడూ నవ్వాడు. అన్నాళ్ళలో మొదటిసారి వాడి మీద వాడు నవ్వుకోవడం చూశాను.

తర్వాత్తర్వాత ఆ నిజాలు ఒప్పుకోవడాన్ని కూడా శ్రుతి మించనిచ్చాడులే. అన్నం తింటూ తింటూ ఆపి, "ఇవాళ నీ వంట మెచ్చుకున్నానే, అది నీ కోసం కాదు, ఇంకొంచెం వడ్డిస్తావని" అనేవాడు మీ నాన్నమ్మతో. ఆవిడ గరిటె చూపించి, "ఏమండీ, మీ పాపాలు పూటపూటా నేను వినలేను. పెద్దవేమైనా ఉంటే చెప్పండి, చిల్లరవి మీరే ఉంచుకోండి" అనేది. కానీ ఆవిడ మొహం తేరుకుంది. ఆడవాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడ్డం, ఎదురు చెప్పడం, గట్టిగా నవ్వడం, అన్నీ వచ్చాయి. దెబ్బలు మానిన మనిషిలా తేరుకుంది. ఎప్పుడూ తినని దెబ్బలు మానడమేమిటో నాకైతే అర్థంకాలేదు, కళ్ళారా చూశాను కాబట్టి చెప్తున్నాను.

నేనా? నాకు కోపం ఎక్కడ పోతుంది? వాడు మారాడు, వదిన తేరుకుంది, దేవుడితో వాడి లెక్క వాడు చూసుకున్నాడు. నా ఏళ్ళో? ఓర్చుకో ఓర్చుకో అని వాడు పోగొట్టిన ఆ ఏళ్ళు ఎవడు తెచ్చిస్తాడు? ఒకే గదిలో ఎదురెదురుగా పనిచేసేవాళ్ళం. సూది విరిగితే మారుస్తాడు, బెల్టు తెగితే వేస్తాడు, నేను మాట్లాడను. ప్రతి ప్రభువు బల్ల ముందూ నేనూ లోపల చూసుకునేదాన్ని, ఆ కోపం ఉందా, పోయిందా అని. ఉండేది. ఉందని తెలిసి పళ్ళెం పక్కకి ఇచ్చేసేదాన్ని. జనం, పాపం ఏదో పెద్ద తప్పు చేసిందేమో అనుకునేవాళ్ళు. అనుకోనీ.

చివరికి ఆసుపత్రిలో, కిటికీ పక్క మంచం. వదిన మందులకి కిందకి వెళ్ళింది. వాడికి ఊపిరి అందట్లేదు. నా వంకర మణికట్టు మీద చెయ్యి వేసి, "చెల్లీ, క్షమించావా?" అన్నాడు. నాలుక చివరిదాకా వచ్చిందిరా ఔనని. పోయేవాడికి ఒక్క మాట, ఏం పోతుంది? లోపల చూసుకున్నాను. ఉంది. "లేదన్నయ్యా" అన్నాను. వాడు కళ్ళు మూసుకుని, "హమ్మయ్య" అన్నాడు. "పోతున్నానని జాలిపడి ఔనంటావేమోనని భయపడ్డాను. తొందరేం లేదు. నిజంగా వచ్చినప్పుడు చెప్పు" అన్నాడు. వదిన మెట్లెక్కి వచ్చేసరికి అయిపోయింది.

అదీ మీ తాత సాక్ష్యం. చెప్తే ఇది చెప్పు, లేకపోతే నోరు మూసుకుని పాట పాడి కూర్చో. రైలు లేదు, తాగుడు లేదు. అబద్ధం ఆడాడు, మానేశాడు, మానేశాక మెచ్చుకుంటే అదీ మానేశాడు. గొంతు వణికించకు. చెల్లెలు క్షమించకుండానే పోయాడని, అది కూడా చెప్పు, దాచకు. వాళ్ళు స్తోత్రం అంటే అననీ, నువ్వు ఆగకు.

ఏమిటి? ఇప్పుడా? ఇప్పుడు ఉందా లేదా అంటే... అది... ఇప్పుడు చెప్పడానికి వాడేడిరా.

లే, లే, ఆ కిటికీ తలుపు వెయ్యి. దుమ్మంతా గుడ్డల మీద పడుతోంది.